సెమరాంగ్‌లో సొంత ఇల్లు

జావా ద్వీపంలో, సెమరాంగ్ నగరాన ఉద్యోగం చేస్తున్న ఒక సోదరుడు, అక్కడి మిత్రుని పేరిట ఇల్లు కొనవచ్చునా అని వ్రాశారు.

వద్దండీ! 1960 నాటి ఇండొనీషియా భూమి చట్టం ప్రకారం శాశ్వత హక్కు ఆ దేశపు పౌరులకే. పరాయి పేరు చాటున కొంటే బేరం చెల్లదు. స్థలం ప్రభుత్వపరమవుతుంది, ఇచ్చిన సొమ్ముకు నీళ్లు వదులుకోవలసిందే. మీ మిత్రుడు మంచివాడే కావచ్చు, చట్టానికి ఆ సంగతితో పనిలేదు. నివాసానుమతి ఉన్న విదేశీయులకు ‘హక్ పకై’ అనే అనుభవ హక్కు ఉన్నది. మొదట 30 ఏండ్లకు ఇస్తారు.

అన్నట్టు, ఇల్లు ఏ పేటలో? ఉత్తరాన సముద్రపు ఒడ్డంతా పల్లం. నేల ఏటేటా కుంగుతున్నది; పోటు వచ్చిందంటే వీధుల్లోకి ఉప్పునీరే! డచ్చివారి కాలంలో కార్‌స్టెన్ రూపొందించిన చాందీ బారు పేట గుట్టల మీద ఉన్నది. అక్కడ ఒక వానాకాలం అద్దెకుండి చూడండి. కొనే మాట తర్వాత.