‘కొత్త పని నేర్పిస్తాం’ – ఈ మాట ఎన్నిసార్లు విన్నాం?



1992లో జాతీయ పునరుద్ధరణ నిధి పెట్టినప్పుడు, ఉద్యోగం పోయినవారికి మరో పని నేర్పి నిలబెడతామన్నారు. ఆ డబ్బులో ఎక్కువ భాగం ప్రభుత్వ సంస్థల్లో స్వచ్ఛంద విరమణకే పోయింది. స్వచ్ఛందమట! గేటుకు తాళం పడబోతోందని తెలిశాక కార్మికుడు సంతకం పెట్టక ఏం చేస్తాడు?

2017 డిసెంబరులో కేంద్రం ‘సమర్థ్’ పథకం తెచ్చింది. 1,300 కోట్ల రూపాయలతో 10 లక్షల మందికి జౌళి పనుల్లో శిక్షణ అన్నారు. షరతు చదవండి: సంఘటిత రంగంలోని స్పిన్నింగు, నేత పనులు దానిలో చేరవు. అంటే రింగు ఫ్రేము మీద పోగులు అతికేవారికి, మిల్లులో సాంచా నడిపేవారికి, వాళ్ళ పనిలోనే పైమెట్టు ఎక్కే దారి ఆ పథకంలో లేదు! కొత్త ఆటోమేటిక్ సాంచాలు దిగిననాడు మాత్రం ‘నీకు రాదు, తప్పుకో’ అంటారు. నేర్పనిది ఎవరు?

పోనీ, తరగతి పెట్టారే అనుకుందాం. రాత్రి షిఫ్టు దిగినవాడు నిద్ర మానుకుని కూర్చోగలడా? షోలాపూర్, భివండీలలో తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవడం రానివారు మనలో ఎందరు లేరు! వారి చేతికి ఇంగ్లీషు పుస్తకమిస్తే ఏం లాభం?

శిక్షణ గంటలకు పూర్తి జీతం ఇవ్వాలి. మిషను దగ్గరే, మన భాషలో నేర్పాలి. చదువు రానివారికి అక్షరాలు కూడా షిఫ్టు సమయంలోనే చెప్పాలి. వచ్చే వేతన ఒప్పందంలో ఈ మూడూ రాయించాలి. గేటు మీటింగుకు రండి.