మా గేరి చీకటి ఏ లెక్కలో ఉంది?



పోయిన ఎండాకాలం జొన్నగిరిలో మా గేరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. నాలుగు రాత్రులు చీకటే. ఫోన్ చేస్తే వచ్చిన జవాబు: "మీ ఫీడర్‌లో కరెంటు ఉంది కదప్పా!" ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన చూసే లెక్కలో మేం వెలుగులోనే ఉన్నాం.

కరెంటును జొన్నల్లా గాదెలో పోసి పెట్టుకోవడం కష్టం. ఎంత వాడుతున్నామో ఆ క్షణానికి అంత పుట్టాలి. ఆ తూకానికి గుర్తు గ్రిడ్ ఫ్రీక్వెన్సీ, 50 హెర్ట్జ్. అందుకే రోజును 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేసి, ఏ ముక్కకు ఎంత కావాలో లోడ్ డిస్పాచ్ కేంద్రాల్లో ముందే అంచనా కడతారు. తూకం తప్పితే ఏమవుతుందో 2012 జులై 31న చూశాం. 60 కోట్లకు పైగా జనం ఉన్న రాష్ట్రాల్లో కరెంటు పోయింది. కాబట్టి ఈ వ్యవస్థ వద్దని నేను అనను. ఆ తూకంలో మేం ఉన్నామా అన్నదే నా ప్రశ్న.

అంచనాకు ఆధారం పాత వాడకం. మావాళ్లు సుగ్గికి గుంటూరు పోతే మీటర్ తిరగదు. వోల్టేజీ చాలక ఫ్యాన్ ఆగినా తిరగదు. అందని కరెంటు అక్కర్లేని కరెంటుగా నమోదవుతుంది. మమ్మల్ని బడి గడప తొక్కనివ్వకుండా, "వీళ్లకు చదువు మీద ధ్యాస లేదు" అన్నవాళ్ల లెక్క కూడా ఇదే కదా!

ఇక అంతరాయాల లెక్క చూడండి. ఏపీఈఆర్‌సీ 2004 నియమావళిలో సైఫీ, సైడీ సూచికలకు కొలత 11 కేవీ ఫీడర్ దగ్గర. వ్యవసాయ లోడ్ ప్రధానంగా ఉన్న ఫీడర్లకు మినహాయింపు. మా ట్రాన్స్‌ఫార్మర్ ఆ ఫీడర్‌కు కింద ఉంది. అది కాలినా ఫీడర్ బతికే ఉంటుంది. మా నాలుగు రాత్రులు ఆ సూచికలో సున్నా.

"యంత్రానికి కులం లేదు" అంటారు ఇంజనీరు మిత్రులు. నిజమే. కానీ కొలత ఎక్కడ ఆపాలో నిర్ణయించింది యంత్రం కాదు. గేరిని ఊరి చివరకు నెట్టింది కులం. లైను చివరకొచ్చేసరికి వోల్టేజీ పడిపోతుంది. కులం గీసిన పటం మీదే తీగలు లాగారు.

ఇది మనకు సంబంధంలేని సబ్జెక్టు అనుకోకండి. 1942-46 మధ్య వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో బాబాసాహెబ్ చూసిన బాధ్యతల్లో విద్యుత్తూ ఉంది. కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు ఆయన హయాంలోనే పుట్టింది.

మా డిమాండు చిన్నదే. ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కూ కరెంటు పోయిన వేళ, వచ్చిన వేళ నమోదు చేయాలి. ఆ లెక్కను గేరి పేరుతో సహా సచివాలయం గోడకు అంటించాలి. కోత తప్పనప్పుడు ఎవరి వంతు ఎప్పుడో ముందే చెప్పాలి. బాకీ పడితే దూరం నుంచే కనెక్షన్ కోయగల స్మార్ట్ మీటరు, కరెంటు పోయిందని కూడా చెప్పగలదు. చెప్పించుకోవాలన్న మనసు ఉండాలి, అంతే.

కంప్యూటర్లు చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అంతదాకా ఒక నోటుబుక్కు పెట్టండి. మీ గేరిలో పోయిన ప్రతి గంటా రాయండి. నెల తిరిగాక వాళ్ల లెక్క పక్కన మన లెక్క పెడదాం.

జై భీమ్.