స్లామ్ బుక్కులో పిల్లలు రాసుకునే మూడు మాటలు

ఫిబ్రవరి వచ్చిందంటే జూనియర్ కళాశాలల్లో వీడ్కోలు సభల కాలం. ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థులు ఒక చేత హాల్‌టికెట్టు, మరొక చేత స్లామ్ బుక్కు పట్టుకుని తిరుగుతుంటారు. స్నేహితుల చేత అందులో రాయించుకుంటారు. పేరు, పుట్టినరోజు, ఇష్టమైన రంగు, నచ్చిన నటుడు అంటూ సాగే ఆ గళ్ల నడుమ మూడు ప్రశ్నలు తప్పక ఉంటాయి. నీ స్వభావం ఎటువంటిది? తీరిక వేళ ఏం చేస్తావు? జీవితంలో ఏమి కావాలనుకుంటున్నావు?

పెద్దలు ఆ పుస్తకాన్ని పిల్లల ఆటవస్తువుగా చూస్తారు. అయితే పదిహేడేళ్ల బిడ్డ తనను గురించి తాను ఆలోచించుకుని సమాధానం రాసే చోటు బహుశా అదొక్కటే. ఈ మూడు ప్రశ్నలు స్నేహితులు అడుగుతున్నారు. ఇంట్లో మనం అడిగేది మాత్రం ఒకే ప్రశ్న: ఎన్ని మార్కులు వస్తాయి? ఆ మూడు మాటలనూ ఇంట్లో పెద్దలు, బస్తీలో కార్యకర్తలు వేసవిలోపు అడిగి తెలుసుకోవాలన్నదే ఈ నెల మా మనవి. ఎందుకంటే ఫలితాలు వచ్చిన తరువాత నిర్ణయాలు వారాల్లో జరిగిపోతాయి. వాటి ఫలం ముప్పై నలభై ఏళ్లు అనుభవించవలసినది ఆ బిడ్డే.

ముస్లిం కుటుంబాలకు ఈ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది. 2006 నవంబరులో వెలువడిన సచార్ కమిటీ నివేదిక 6 నుంచి 14 ఏళ్ల వయసు ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది బడి ముఖం చూడనివారో, నడుమ మానివేసినవారో అని లెక్క తేల్చింది. 20 ఏళ్లు నిండినవారిలో పట్టభద్రులు, డిప్లొమా పొందినవారు 4 శాతం లోపే అన్నది. ఆ తరువాత మార్పు వచ్చినమాట నిజమే. తెలంగాణలో 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు రెండు వందలు దాటినవి. అయినా పన్నెండేళ్ల చదువు ముగించి నిలబడిన ప్రతి బిడ్డ వెనుకా ఒక తల్లి కుట్టుమిషను చప్పుడో, ఒక తండ్రి ఆటో కిరాయి లెక్కో ఉన్నది. ఇంతదూరం వచ్చిన బిడ్డ దారి తప్పితే ఆ ఇల్లు పన్నెండేళ్ల కష్టాన్ని పోగొట్టుకున్నట్లే.

ముందుగా స్వభావం సంగతి. బస్తీల్లో, మండల కేంద్రాల్లో మేము చూస్తున్న పిల్లలు ఒకే మూసలో పోసినవారు కారు. నలుగురిలో నోరు మెదపని అమ్మాయి ఇంట్లో చెల్లెళ్లకు లెక్కలు చెప్పేటప్పుడు మాత్రం విసుగెరుగదు. తరగతిలో అల్లరివాడని పేరుపడ్డ అబ్బాయి ఇంటి పక్క నానీకి మందులు తెచ్చిపెట్టడంలో ముందుంటాడు. ఒకడు లెక్కలో పైసా తేడా వస్తే నిద్రపోడు, ఇంకొకడు ఇద్దరు కొట్లాడుకుంటుంటే మధ్యకు వెళ్లి సర్దిచెబుతాడు. ఓర్పు, దయ, లెక్కలో పట్టు, మాట నేర్పు ఏ మార్కుల మెమోలోనూ కనిపించవు. ఉపాధ్యాయురాలికి, నర్సుకు, చార్టర్డ్ అకౌంటెంటుకు, న్యాయవాదికి కావలసినవి మాత్రం అవే.

ఇక కాలక్షేపం. "టైం పాస్ చేస్తున్నాడు" అని మనం కోప్పడే పనుల్లోనే బిడ్డ మనసు నిలిచే చోటు తెలుస్తుంది. పగిలిన ఫోనును విప్పి తిరిగి బిగించేవాడు, మెహందీ పెట్టి పండుగకు తన ఖర్చు తాను సంపాదించుకునే అమ్మాయి, మిద్దెమీద పావురాల జబ్బులను గుర్తుపట్టేవాడు, గ్రంథాలయంలో నవలలు వరుసగా చదివే పిల్ల, పెళ్లిళ్లలో వీడియో తీసి రాత్రంతా కూర్చుని దానికి మెరుగులు దిద్దేవాడు మన చుట్టూ ఉన్నారు. చెప్పేవారు లేకుండానే ఒక పనిమీద గంటల తరబడి కూర్చోగల బిడ్డకు ఆ రంగంలో చదువు దొరికితే దానిమీదా కూర్చుంటాడు.

హైదరాబాదు గల్లీలో టెన్నిస్ బంతితో ఆడుకున్న ఆటో డ్రైవరు కుమారుడు మొహమ్మద్ సిరాజ్ 2020 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో భారత జట్టు తరఫున తొలి టెస్టు ఆడాడు. నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ బాక్సింగ్‌లో ప్రపంచ విజేతగా నిలిచింది. అందరు పిల్లలూ సిరాజులు, నిఖత్‌లు కారు. ఆటనే నమ్ముకుని చదువు మానమని మేము చెప్పడం లేదు. ఆ ఇద్దరి ఇళ్లలోనూ ఒక తండ్రి ఉన్నాడు. బిడ్డకు ఇష్టమైనదాన్ని వృథా అనక, తన శక్తికొద్దీ వెంట నిలిచాడు. మనం తీసుకోవలసిన పాఠం అంతవరకే.

మూడోది ఆశయం. స్లామ్ బుక్కుల్లో ఈ గడి చదివితే నాలుగైదు మాటలే తిరిగి తిరిగి కనిపిస్తాయి: డాక్టరు, ఇంజినీరు, పోలీసు, టీచరు, దుబాయి. దేశం పేరు ఆశయం కావడం గమనించదగ్గ విషయం. పిల్లల ఊహ చిన్నదై ఇలా జరగలేదు. వాళ్లు చూసిన దారులు అంతే. మన ఇళ్లలో న్యాయవాది, ఆడిటరు, శాస్త్రవేత్త, సైనికాధికారి అరుదు. కనిపించని దానిని బిడ్డ ఎలా కోరుకుంటుంది?

అందుకే కొన్ని దారులను ఇక్కడ పేర్కొంటున్నాము. ఏ గ్రూపుతో ఇంటర్ చదివినా అయిదేళ్ల న్యాయశాస్త్ర కోర్సుకు లాసెట్ రాయవచ్చును. హైదరాబాదులోని నల్సార్ వంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ రాయాలి. సీఏ ఫౌండేషన్‌కు సీఈసీ, ఎంఈసీ వారే కాదు, ఎంపీసీ వారూ వెళ్లవచ్చును. బైపీసీ చదివి నీట్‌లో సీటు రాని బిడ్డకు లోకం ముగిసినట్లు కాదు. బీఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ, బీఫార్మసీ, వ్యవసాయ కోర్సులున్నవి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తరువాత నేరుగా చేరగల అయిదేళ్ల పీజీ కోర్సులున్నవి. ఉర్దూ మాధ్యమంలో చదివినవారికి 1998లో స్థాపించిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలో ఉన్నది. జాతీయ రక్షణ అకాడమీ ప్రవేశ పరీక్షను 2021 నుంచి అమ్మాయిలూ రాస్తున్నారు. 2025లో తొలి మహిళా బృందం అక్కడ శిక్షణ ముగించుకుని బయటికి వచ్చింది.

అమ్మాయిల ఆశయం గురించి విడిగా చెప్పక తప్పదు. పదోతరగతిలోనూ ఇంటరులోనూ మన ఆడపిల్లలు శ్రద్ధగా చదువుతున్నారు. కాని ఇంటరు ముగిసే వేళకే వారికి పద్దెనిమిదేళ్లు నిండుతాయి. ఒకవైపు కళాశాల దరఖాస్తు, మరొకవైపు పెళ్లి సంబంధం ఒకే వేసవిలో గడప తొక్కుతాయి. పద్దెనిమిది అనేది చట్టం విధించిన కనీస వయసు. అది నిండిన రోజే పెళ్లి చేయాలని ఏ చట్టమూ చెప్పలేదు. తల్లిదండ్రుల భయాలు మాకు తెలియనివి కావు. దూరపు కళాశాల, చీకటిపడ్డాక బస్సు, మంచి సంబంధం చేజారుతుందన్న దిగులు అన్నీ నిజమైనవే. వాటికి జవాబు వెతకాలి. మహిళా కళాశాల, హాస్టలు, తోడుగా వెళ్లే మరో ఇద్దరు అమ్మాయిలు దొరికితే చాలా భయాలు తీరుతాయి. సంబంధం ఖాయం చేసుకునేటప్పుడే చదువు సాగించే మాట పెద్దల ఎదుట తేల్చుకోవచ్చును. ఏదైనా చేయండి, ముందు అమ్మాయిని అడగండి. తన పుస్తకంలో "లెక్చరర్" అని రాసుకున్న సంగతి ఇంట్లో తండ్రికి తెలియకపోవడం కంటే దుఃఖకరమైనది లేదు.

ఆశయానికీ ప్రవేశానికీ నడుమ ఉన్నది కాగితాల వంతెన. ప్రభుత్వ కార్యాలయంలో జీవితమంతా దస్త్రాల మధ్య గడిపినవారిగా ఈ మాట నొక్కి చెబుతున్నాము. పదోతరగతి మెమోలో "షేక్" అని ఒక అక్షరక్రమం, ఆధార్‌లో మరొకటి. ఒకచోట "మొహమ్మద్", ఇంకొకచోట "ఎండీ". ఇంటిపేరు ముందో వెనుకో తెలియదు. తండ్రి పేరు మూడు కాగితాల్లో మూడు విధాలు. ఇవన్నీ సర్టిఫికెట్ల పరిశీలన రోజున బయటపడతాయి. అప్పుడు పరుగెత్తినా ఫలితం ఉండదు. పదోతరగతి మెమోను ప్రమాణంగా పెట్టుకుని మిగిలిన కాగితాలన్నీ పరీక్షలు ముగిసిన వెంటనే సరిచేయించుకోవాలి.

కులధ్రువీకరణ సంగతీ అంతే. 2007 చట్టం ప్రకారం షేక్ వర్గంతో సహా 14 ముస్లిం సమూహాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషను ఉన్నది. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతున్నది. దూదేకులవారు బీసీ-బీ కిందికి వస్తారు. సయ్యద్, పఠాన్, మొగల్ కుటుంబాలు బీసీ-ఈలో లేవు. ఆదాయ పరిమితికి లోబడిన వారికి ఈడబ్ల్యూఎస్ 10 శాతం కోటాలో అర్హత ఉంటుంది. రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర జాబితా వేరు. కేంద్ర విద్యాసంస్థలకు దరఖాస్తు చేసేవారు ఈ తేడాను ముందే తెలుసుకోవాలి. తెలంగాణలో మీసేవలోనూ, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల్లోనూ కుల, ఆదాయ పత్రాలకు దరఖాస్తు చేయవచ్చును. ఇవి మనకు ఎవరో దయతో ఇస్తున్నవి కావు. చట్టం ఇచ్చిన హక్కులు. వాడుకోని హక్కు లేనిదానితో సమానం.

ఉత్తీర్ణులు కాని పిల్లలను కూడా మరువరాదు. ఫలితాల రోజున ఇల్లంతా ఒక్కసారి మౌనమైపోతుంది. "నీ మీద పెట్టిందంతా బూడిదలో పోసినట్టయింది" అనే మాట ఆ రోజు నోటివెంట రానీయకండి. సప్లిమెంటరీ పరీక్ష కొద్ది వారాల్లోనే ఉంటుంది. ఒక సబ్జెక్టు తప్పడం ఆ సబ్జెక్టుకు సంబంధించిన సంగతి. బిడ్డ స్వభావం మీద తీర్పు కాదు. ఆ నెలరోజులు ఒకరు పక్కన కూర్చుని చదివిస్తే గట్టెక్కే పిల్లలు ఎందరో ఉన్నారు. సంఘ సేవ చేయాలనుకునే పట్టభద్రులకు ఇంతకంటే మంచి పని ఏముంటుంది?

కార్యకర్తలకు మా విన్నపం ఇది. ఏప్రిల్, మే నెలల్లో మీ బస్తీలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక నోటుపుస్తకం పెట్టండి. షాదీఖానా అయినా సరే, పాఠశాల వరండా అయినా సరే. ఆ వీధిలో ఇంటర్ ముగించిన పిల్లలందరి పేర్లూ రాయండి. ఒక్కొక్క పేరు ఎదుట మూడు గళ్లు గీయండి: స్వభావం, ఇష్టమైన పని, ఆశయం. నాలుగో గడిలో ఏ కాగితం లేదో, ఏ పరీక్షకు ఏ తేదీలోపు దరఖాస్తు చేయాలో రాయండి. అయిదో గడిలో ఆ బిడ్డ వెంట ఎవరు వెళ్తారో రాయండి. పది మంది పిల్లలకు ఒక పెద్ద చాలు. జూలై నాటికి ఆ పుస్తకం తెరిచి, ఎందరు కళాశాలలో చేరారో, ఎందరు ఇంట్లో మిగిలారో, మిగిలినవారు ఎందుకు మిగిలారో చూడండి. సభలు, తీర్మానాలు వాటి పని అవి చేస్తాయి. ప్రభుత్వం ముందుకు వెళ్లి మాట్లాడేటప్పుడు మాత్రం ఈ నోటుపుస్తకం కంటే బలమైన విజ్ఞాపన పత్రం ఉండదు.

తల్లిదండ్రులకు చెప్పేది ఇంకా చిన్నమాట. రాత్రి భోజనాలయ్యాక ఫోన్లు పక్కనపెట్టి, కొడుకునో కూతురునో పక్కన కూర్చోబెట్టుకుని అడగండి: "బేటా, నీకు ఏం చేస్తే సంతోషంగా ఉంటుంది?" వెంటనే జవాబు రాకపోవచ్చును. ఇన్నాళ్లు ఎవరూ అడగని ప్రశ్న కనుక తడబడవచ్చును. మధ్యలో అందుకోకండి, పక్కింటి పిల్లలతో పోల్చకండి. ఆ జవాబు మీకు నచ్చకపోయినా చివరిదాకా వినండి. తరువాత డబ్బు సంగతి, దూరం సంగతి, మీ భయాలు దాచకుండా చెప్పండి. వారికీ లెక్కలు తెలుసు. కలిసి తీసుకున్న నిర్ణయాన్ని బిడ్డ తన సొంతంగా భావించి మోస్తుంది.