పిల్లల పాటలో నాయకుడి పేరెందుకు?

1970లో షాంఘైలో అయిదో తరగతి చదువుతున్న ఒక పిల్లవాడు చిన్న పాట రాశాడు. గాజు ఫ్యాక్టరీలో పని నేర్చుకుంటున్న 19 ఏళ్ల అమ్మాయి దానికి వరస కట్టింది. బీజింగ్‌లోని తియనాన్‌మెన్ మీద ప్రేమను చెప్పే ఆ పాట చూస్తుండగానే చైనా అంతటా పాకిపోయింది. సాంస్కృతిక విప్లవం రోజుల్లో బడికి వెళ్లిన తరానికి అది కంఠతా వచ్చు. అందులో ఒక కోటద్వారం ఉంది, దాని మీద ఉదయించే సూర్యుడున్నాడు, ఆ వెంటనే జనాన్ని ముందుకు నడిపించే ఛైర్మన్ మావో ఉన్నాడు. ఇలాంటి పాటల ప్రస్తావన వస్తే కొందరు పసి మనసులకు విషం నూరిపోశారంటారు. మరికొందరు చిన్ననాటి జ్ఞాపకాల్లో రాజకీయాలు వెతకడమేమిటని విసుక్కుంటారు. ఈ రెండు వాదాలూ అన్ని పాటల్నీ ఒకే గాటన కట్టేస్తున్నాయి. చూడాల్సింది ఆ పాట పిల్లల చేత ఎవరికి విధేయత చెప్పిస్తోందన్నది. ఊరిని, నేలను, ఒక మంచి పనిని పాడించవచ్చు. అధికారంలో ఉన్న మనిషిని మాత్రం పిల్లల నోట పాడించకూడదు, ఏ దేశంలోనూ, ఏ కారణం చెప్పినా సరే. ఈ మాటకు సాక్ష్యం కోసం చైనా దాటి వెళ్లనక్కర్లేదు.

విప్లవ చైనా పిల్లలకు ఇచ్చిన పాటల్లో నిజంగా అందమైనవి ఉన్నాయి. 1955లో వచ్చిన ‘మాతృదేశపు పూలు’ సినిమాలో పిల్లలు బీజింగ్‌లోని బెయ్‌హాయ్ సరస్సులో పడవ నడుపుతూ పాడతారు. మాటలు చియావో యూవి, సంగీతం ల్యూ చిది. మెడలో ఎర్ర రుమాలు కట్టుకున్న పిల్లలే, ఈ సుఖం మనకెవరిచ్చారన్న ప్రశ్న కూడా అందులో ఉంది, కాబట్టి రాజకీయం లేదనలేం. అయినా పాట నిండా ఉన్నది నీళ్లు, చెట్లు, తెల్లటి స్తూపం, బడి అయ్యాక దొరికిన తీరిక. 1960ల్లో పాన్ జెన్‌షెంగ్ రాసిన ‘ఒక ఫెన్’ పాట ఇంకా చిన్నది. యువాన్‌లో నూరో వంతు విలువైన నాణెం రోడ్డు పక్కన దొరికితే, పిల్లవాడు తీసుకెళ్లి పోలీసు మామయ్యకిస్తాడు. ఆయన తల ఊపుతాడు, పిల్లవాడు సంబరంగా సెలవు తీసుకుంటాడు. పాట అక్కడితో అయిపోతుంది. పోలీసును నమ్మమని చెప్పడం కూడా ప్రభుత్వ ప్రచారమేనని ఎవరైనా అంటే కొంతవరకు ఒప్పుకుంటాను. కానీ అందులోని సంతోషం పిల్లవాడు తాను చేసిన పని వల్ల పొందినది, ఎవరో పెద్దాయన దయ వల్ల వచ్చింది కాదు. పాలకులు మారినా ఈ రెండు పాటల్లో దిద్దవలసిన పేరంటూ లేదు.

పేరు చేరిస్తే ఏమవుతుందో బాలదళ గీతం కథ చెబుతుంది. కొత్త ప్రభుత్వం ఏర్పడ్డాక 1950లో బాలల సంఘానికి గువో మోరువో గీతం రాశాడు. చైనాలో వయొలిన్‌కు పెద్ద పేరు తెచ్చిన మా సిత్సోంగ్ సంగీతం కూర్చాడు. మహానాయకుడు మావో నుంచి నేర్చుకుందామని ఆ గీతం పిల్లలకు చెప్పింది. సెంట్రల్ కన్సర్వేటరీకి అధ్యక్షుడైన అదే మా సిత్సోంగ్‌ను 1966లో విద్యార్థి దళాలైన రెడ్ గార్డులు పట్టుకున్నారు. పోస్టర్లు అంటించే జిగురు నెత్తిన పోసి, కాగితం టోపీ పెట్టి, అందరి ముందూ అవమానించి కొట్టారు. ఆ పని చేసిన యువతరం పెరిగింది ఆయన కట్టిన వరస పాడే బడుల్లోనే. 1967 జనవరిలో ఆయన భార్యాపిల్లలతో పడవలో హాంకాంగ్‌కు తప్పించుకుని, అక్కణ్నుంచి అమెరికా చేరాడు. ద్రోహి ముద్ర పడింది, చైనాలో మిగిలిన బంధువులు నరకం అనుభవించారు. ఆ ముద్ర తొలగేసరికి 1985 వచ్చింది. రెండేళ్లకు ఆయన ఫిలడెల్ఫియాలో కన్నుమూశాడు. ఇక బాలదళానికి 1978లో వేరే గీతం తీసుకున్నారు. 1961 నాటి ఓ సినిమాలోని పాట అది. శత్రువులు, పోరాటం అన్నీ ఉన్నాయి, నాకు నచ్చే పాటేమీ కాదు. కానీ అందులో ఏ నాయకుడి పేరూ లేదు.

యుద్ధకాలపు పాటల్ని ఈ కొలబద్దతో కొలవడం అన్యాయమన్న అభ్యంతరం ఉంది. జపాన్ సైన్యాన్ని దారి తప్పించి, మాటుగాసిన గెరిల్లాల ముందుకు నడిపించి ప్రాణమిచ్చిన పశువుల కాపరి వాంగ్ అర్‌షియావో మీద 1942లో పాట వచ్చింది. ఊళ్లు తగలబడుతున్నప్పుడు పిల్లల్ని యుద్ధానికి దూరంగా ఉంచాల్సిందని ఇవాళ తీరిగ్గా అనడం నాకూ ఇష్టం లేదు. చనిపోయిన పిల్లవాడి కోసం జనం పడిన దుఃఖం అందులో ఉంది. కానీ సాంస్కృతిక విప్లవం మొదలైన 1966 నాటికి ఆ పరిస్థితి లేదు. అప్పుడు పిల్లలకు చూపించిన శత్రువులు వాళ్ల పంతుళ్లు, కొన్ని ఇళ్లలో కన్నవాళ్లు.

ఏ దేశం పాడించదు, మన బడుల్లో ప్రతిజ్ఞ చెప్పించడం లేదా అని మరో ప్రశ్న. చెప్పిస్తున్నాం. దాన్ని 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్న నల్లగొండ జిల్లావాసి పైడిమర్రి వెంకట సుబ్బారావు తెలుగులోనే రాశారు. అప్పటి ప్రధాని పేరుగానీ, పార్టీ పేరుగానీ అందులో కనిపించవు. దేశం, తోటి మనుషులు, తల్లిదండ్రులు, గురువులు ఉంటారు. అందుకే ఎన్ని ప్రభుత్వాలు వచ్చిపోయినా దానిలో పేరు మార్చే అవసరం రాలేదు.

పార్కుల్లో గుంపుగా చేరి పాత పాటలు పాడుకునే చైనా వృద్ధుల్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. వాళ్ల బాల్యానికి వేరే పాటలు దొరకలేదు, వరసలు కూడా మంచివే. వరస నిలిచి నినాదం పోవడం అక్కడ కొత్త కాదు. 1920ల్లో సామ్రాజ్యవాదుల్ని కూలదోయమంటూ జాతీయ విప్లవ సైన్యం పాడిన పాటకు ఒక ఫ్రెంచి బాలగీతం వరస వాడారు. చైనా పిల్లలకు ఇప్పుడు ఆ వరస ‘రెండు పులులు’ పాటగానే తెలుసు.

పాడినవాళ్ల సంగతి వేరు, పాడించే ప్రభుత్వం సంగతి వేరు. చైనా జాతీయగీతం రాసిన తియన్ హన్ 1968లో నిర్బంధంలోనే చనిపోయాడు. ఆయన మాటల్ని పక్కనపెట్టి, 1978లో గీతానికి కొత్త మాటలు రాయించి మావో పేరు ఎక్కించారు. నాలుగేళ్లకే, 1982 డిసెంబరులో ఆ మాటలు తీసేసి తియన్ హన్ మాటల్నే తిరిగి పెట్టారు. అదే ఏడాది కమ్యూనిస్టు పార్టీ నిబంధనావళిలో వ్యక్తిపూజను ఏ రూపంలోనూ అనుమతించబోమని రాసుకున్నారు. ఆ తప్పుకు ఎంత మూల్యం చెల్లించారో వాళ్లకే బాగా తెలుసు కాబట్టి రాసుకున్నారు. 2021లో మాత్రం షీ జిన్‌పింగ్ ఆలోచనా విధానం మీద పాఠ్యపుస్తకాలు ప్రాథమిక పాఠశాలలకు వచ్చాయి. చిన్న తరగతుల పుస్తకంలో ఆయన ‘షీ తాతయ్య’. వ్యక్తిపూజ వద్దన్న నిబంధన ఇంకా అమల్లోనే ఉంది. దాని ప్రకారమే ఆ పుస్తకాన్ని బడి నుంచి వెనక్కి తీసుకోవాలి.