చాయిల లెక్క

ఒక సహకార సంఘం ఎలా నడుస్తుందో తెలుసుకోవాలంటే దాని మహాజన సభకు వెళ్లి వెనక వరుసలో కూర్చోవాలి. కార్యదర్శి జమాఖర్చులు గబగబా చదివేస్తుంటే ఎవరో ఒకావిడ లేచి, ‘‘జర ఆగు బిడ్డా, చాయిలకు గిన్ని పైసలు ఎట్లయినయ్?’’ అని నిలదీసిందా, ఆ సంఘంలో నేను కళ్లు మూసుకుని డబ్బు దాచుకుంటాను. చప్పట్లు కొట్టి అందరూ భోజనాలకు లేస్తే మాత్రం దాచుకోను.

హనుమకొండ జిల్లా ముల్కనూరులో సహకార గ్రామీణ బ్యాంకు పుట్టింది 1956లో. అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి పూనికతో మొదలైంది. అక్కడ రైతుకు పంట అప్పిచ్చి చేతులు దులుపుకోరు. ఎరువులు వాళ్లే అమ్ముతారు, పండిన వడ్లు వాళ్లే కొంటారు. అప్పు వసూలుకు ఇంటి మీదికి పోయే పని అందువల్లే తగ్గుతుంది. ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. నెలనెలా ఇంతని కట్టాలి, ఆలస్యమైతే జరిమానా, అప్పు కావాలంటే తోటి సభ్యులు జమానతు ఉండాలి. ఆ అలవాటులోంచే తర్వాత మహిళల పాల డెయిరీ లేచింది. ‘స్వకృషి’ పాల ప్యాకెట్లు దానివే.

ఇలా సభ్యులే నడుపుకునే పద్ధతికి చట్టం దన్ను కూడా ఉంది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైతే సర్కారు వాటాధనం ఉండదు. నియమావళి సభ్యులే రాసుకుంటారు, ఎన్నికలు వాళ్లే జరుపుకుంటారు. సర్కారు సొమ్ము వచ్చిందంటే వెనకే సర్కారు మనిషీ వస్తాడు. ఆ తర్వాత చాయిల లెక్క ఎవరికి పట్టింది?

2010లో మైక్రోఫైనాన్స్ అప్పుల్లో మనం చూసింది దీనికి పూర్తిగా తిరగేసిన బొమ్మ. సంఘాలుగా కూర్చున్నది ఆడవాళ్లే, ఒకరికొకరు పూచీ పడ్డదీ వాళ్లే. యజమానులు మాత్రం వాళ్లు కాదు. ఆగస్టులో ఒక పెద్ద మైక్రోఫైనాన్స్ కంపెనీ షేర్లు స్టాక్ మార్కెట్‌కెక్కాయి. అక్టోబరుకల్లా అలాంటి కంపెనీల వసూళ్ల వేధింపులను ఆపడానికి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది.

అలాగని సహకారమన్న బోర్డు చూసి మురిసిపోనక్కర్లేదు. హైదరాబాద్‌లో కృషి బ్యాంకు కూడా సహకార బ్యాంకే. 2001లో అది కూలినప్పుడు డిపాజిటర్లు లబోదిబోమన్నారు. ఎక్కువ వడ్డీకి ఆశపడి డబ్బు వేసేవాడు సభ్యత్వ కాగితం మీద సంతకం చేసినా ఖాతాదారుడిగానే ఉండిపోతాడు, సభకు రాడు. ఇంకో సంగతి: సహకార బ్యాంకులో డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా ఉంది, ఊరి పొదుపు సంఘానికి లేదు. అక్కడ కాపలా సభ్యులదే.

ఇక మన ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2013 ఎన్నికల పాలకవర్గాల గడువు తీరాక ఏళ్ల తరబడి నామినేటెడ్ కమిటీలే వాటిని నడిపాయి. పంట రుణాల మాఫీ నెల ఆలస్యమైతే ధర్నాకు దిగే ఊళ్లు, తమ సంఘానికి ఎన్నికలెప్పుడని అడుగుతూ రోడ్డెక్కడం నేనైతే చూడలేదు.