కారులో వేడెక్కిన వాటర్ బాటిల్ తాగొచ్చా? అసలు రిస్క్ ఎక్కడుందంటే..

రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల మే నెల వచ్చిందంటే ఎండ మాడిపోతుంది. అద్దాలు ఎక్కించి ఆ ఎండలో పార్క్ చేసిన కారు లోపల వేడి గంటలోనే 60 డిగ్రీలు దాటేస్తుంది. మరి సీటు మీద మర్చిపోయిన వాటర్ బాటిల్ సంగతేంటి? 'తాగితే క్యాన్సర్' అంటూ వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లో నిజమెంత?

ఈ బాటిళ్లను పెట్ ప్లాస్టిక్‌తో చేస్తారు. తయారీలో వాడే యాంటిమొనీ అనే పదార్థం వేడికి కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగుతుంది. అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2008లో దీన్ని లెక్కగట్టారు. 60 డిగ్రీల్లో ఉంచితే అక్కడి పరిమితి దాటడానికి 176 రోజులు పడుతుందట. అదే 80 డిగ్రీల్లో అయితే రెండున్నర రోజులు కూడా పట్టదు. అంటే ఒక మధ్యాహ్నం కారులో ఉండిపోయిన బాటిల్‌తో కొంపలేమీ మునిగిపోవు. సగం తాగి వదిలేసిన బాటిల్ లెక్క మాత్రం వేరు.. నోటి నుంచి చేరిన బ్యాక్టీరియా గోరువెచ్చని నీళ్లలో పెరుగుతుంది. పారబోయడమే బెటర్.

జాగ్రత్త పడాల్సింది డిక్కీలో నెలల తరబడి ఉండిపోయే బాటిళ్ల విషయంలో. అంతకన్నా పెద్ద సమస్య కొనకముందే ఉంది. ట్రాలీ ఆటోల్లో, కిరాణా షాపుల ముందు అవి ఎన్ని రోజులు ఎండలో మాడాయో కొనేవాళ్లకి తెలిసే దారే లేదు. ప్యాకేజ్డ్ వాటర్‌ను ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 నవంబర్‌లో హై రిస్క్ కేటగిరీలో చేర్చింది. తయారీ ప్లాంట్లకు ఏటా ఆడిట్ తప్పనిసరైంది. షాపు బయట ఎండలో పేర్చిన బాటిళ్ల దాకా ఆ ఆడిట్ రాదు.