పోనీ అంటే 'పోనీలే' కాదు

ఆడవాళ్ళు ఏది చదివినా తప్పే. వంటల పుస్తకం పట్టుకుంటే "ఇంతకుమించి ఏం పడుతుందిలే ఆ బుర్రలో" అంటారు. సీరియల్ చదివితే "ఏడుపుగొట్టు కథలు" అంటారు. భగవద్గీత తీస్తే "అప్పుడే వైరాగ్యమా!" అని ఆశ్చర్యపోతారు. అలాంటప్పుడు నలభై దాటిన ఆడవాళ్ళు తొమ్మిదిమంది కూడబలుక్కుని, ఏడాది పొడుగునా గుర్రాల కథలు చదువుతామని పందెం వేసుకుంటే ఏమంటారో మీరే ఊహించుకోండి. అనాల్సినవాళ్ళు అనేసి హాయిగా ఉన్నారు. జవాబు చెప్పే పని మాత్రం నాకు మిగిలింది. కథలు రాసేదాన్ని కదా, నోరు కాస్త పెద్దదని మావాళ్ళ నమ్మకం.

ముందు పందెం సంగతి. పన్నెండు నెలలు, పన్నెండు పుస్తకాలు. అన్నీ గుర్రాల మీదో, పోనీల మీదో ఉండాలి. ఒకటైనా గుర్రమే తన కథ చెప్పుకున్నది కావాలి. ఒకటి అమెరికాది, ఒకటి 1940కి ముందుది, ఒకటి యుద్ధానికి సంబంధించినది. సంక్షిప్తాలు లెక్కలోకి రావు. చదివినవాళ్ళు తర్వాతి మనిషికి పుస్తకం అందించాలి. నెలాఖరు ఆదివారం అందరం ఒకచోట కూచుని మాట్లాడుకోవాలి. పుస్తకాలు కొన్ని లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో దొరికాయి, కొన్ని హైదరాబాదులో అబిడ్స్ ఆదివారం బజారులో. మిగతావి పైదేశాల్లో ఉన్న పిల్లల చేత తెప్పించుకున్నాం. చాక్లెట్లు, సెంటుసీసాలు తెచ్చే పిల్లలు అమ్మ కోసం గుర్రపు పుస్తకం మోసుకొస్తే తప్పేమిటి?

పోనీ అంటే మనం విసుగొచ్చినప్పుడు అనే 'పోనీ' కాదు. అదో పొట్టిజాతి గుర్రం, పిల్లలు ఎక్కేంత ఎత్తుది. ఇంగ్లండులో దాని చుట్టూ ఒక సాహిత్యమే పెరిగింది. మొదట్లో, 1929లో వచ్చిన 'మూర్‌లాండ్ మౌసీ' లాంటి వాటిలో, పోనీలే తమ కథ చెప్పుకునేవి. 1936లో జోఆనా కానన్ 'ఎ పోనీ ఫర్ జీన్' రాసినప్పటి నుంచి కథ చెప్పే పని ఆడపిల్లకి వచ్చింది. రాసినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, చదివినవాళ్ళు ఆడపిల్లలు. ఇంకేం, విమర్శకులకి పని తేలికైపోయింది. తీసిపారేశారు.

ఇప్పుడు మా మీద వచ్చిన అభియోగాలు ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది: "ఈ వయసులో చిన్నపిల్లల పుస్తకాలా?" ఇది మా వీధిలో రిటైరైన లెక్చరర్ ఒకాయన మాట. నేను బాబాయిగారూ అని పిలుస్తాను, ఆయన అమ్మాయీ అంటారు. "ఏం అమ్మాయీ, వచ్చే ఏడాది చందమామ కథలా?" అన్నారు. చందమామ చదివినా నాకేం నామోషీ లేదు కాని, ఆ ప్రశ్నలోనే ఒక అబద్ధం దాగుంది.

'బ్లాక్ బ్యూటీ' సంగతే చూడండి. నాకు స్కూల్లో అది నాన్‌డీటెయిల్డ్ పాఠం. పల్చటి పుస్తకం, చివర పది ప్రశ్నలు. అది పిల్లల పుస్తకం అనే అనుకున్నాం, ఎందుకంటే పిల్లలకి సరిపోయేట్టు కత్తిరించి ఇచ్చారు. అసలు పుస్తకం 1877లో వచ్చింది. రాసిన అన్నా స్యూయెల్ పద్నాలుగో ఏట కాలుజారి పడింది. ఆ తర్వాత జన్మంతా సరిగ్గా నడవలేకపోయింది. ఎక్కడికి వెళ్ళాలన్నా గుర్రబ్బండే కాళ్ళు. చివరి ఏళ్ళలో మంచంపట్టి, ఓపిక ఉన్నప్పుడు కాగితం ముక్కల మీద రాస్తే, తల్లి తిరగరాసి పెట్టింది. ఆవిడ రాసిన పుస్తకం అదొక్కటే. అచ్చయిన ఐదునెలలకే, 1878 ఏప్రిల్లో, పోయింది. ఆవిడ రాసింది పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని కానే కాదు. గుర్రాలతో పనిచేసేవాళ్ళు, బండ్లు తోలేవాళ్ళు చదివి ఆ మూగజీవాల పట్ల కాస్త దయగా ఉండాలని రాసింది.

ఆ రోజుల్లో గొప్పవాళ్ళ బండ్లకి కట్టే గుర్రాలు తల దించకూడదు. మెడ విల్లులా పైకి వంగి ఉంటేనే అందం. అందుకని తలని పైకి లాగి పగ్గం బిగించేవాళ్ళు. ఎత్తు ఎక్కేటప్పుడు ముందుకి వంగి బలం తీసుకోవడానికి లేదు, ఊపిరి సరిగా ఆడదు, నోరు ఒరుసుకుపోతుంది. చూసేవాళ్ళకి మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది. కథలో ఆ పగ్గం ఇంకా బిగించమని పట్టుబట్టింది ఓ దొరసానే. జింజర్ అనే ఆడగుర్రం ఓర్చుకున్నంత ఓర్చుకుని ఒకరోజు తిరగబడింది. ఆ తర్వాత దాని బతుకు చేతులు మారి మారి ఏమైందో నేను చెప్పను, చదవండి. ఆ పేజీలు గట్టిగా చదవబోయిన మా జట్టులో పెద్దావిడ, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, మధ్యలో కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశారు. తల ఎత్తి నిలబడమని పైనించి లాగి కట్టే పగ్గం ఎలా ఉంటుందో, అరవైఎనిమిదేళ్ళు ఈ లోకంలో ఆడదానిగా బతికినవాళ్ళకి టీకా తాత్పర్యం అక్కర్లేదు. ఇది పిల్లల పుస్తకమా?

ఇంకో చిత్రం వినండి. టాల్‌స్టాయ్ కూడా గుర్రం చేత కథ చెప్పించాడు. 'ఖోల్‌స్తోమెర్' అని, 1886లో అచ్చయింది. 'నాది' అనే మాట మీద మనుషులకి ఎంత పిచ్చో ఒక ముసలి గుర్రం సాటి గుర్రాలకి వివరిస్తుంది. స్విఫ్ట్ అంతకుముందే, 1726లో, గలివర్ని మాట్లాడే గుర్రాల దేశానికి పంపించాడు. మగవాళ్ళు గుర్రాన్ని మాట్లాడిస్తే అది తాత్త్వికం, వ్యంగ్యం, మహాసాహిత్యం. కుంటికాళ్ళతో ఒక ఆడమనిషి మాట్లాడిస్తే నాన్‌డీటెయిల్డ్! బాబాయిగారి బీరువాలో టాల్‌స్టాయ్ సంపుటాలు వరసగా ఉంటాయి. ఆయన్నే అడిగాను. "అది వేరమ్మా" అన్నారు. ఎలా వేరో ఇంకా చెప్పలేదు.

రెండో అభియోగం కాస్త బరువైనది. అభ్యుదయవాది అయిన ఒక కుర్ర రచయిత అన్నాడు: "ఇవన్నీ తెల్లదొరల పిల్లల ముచ్చట్లండీ. తిండి దొరకని దేశంలో పోనీల గోలేమిటి?" ఇందులో నిజం లేదని నేననను. ఆ పుస్తకాల్లో చాలావాటిలో పచ్చికబయళ్ళు, పెద్ద ఇళ్ళు, గుర్రప్పోటీలు తప్ప బయటి ప్రపంచం కనపడదు. మనలాంటివాళ్ళు అందులో లేరు. ఒప్పుకున్నాను.

కాని ఆ కుర్రవాడు ఒక్క పుస్తకమైనా తెరిచాడా? రూబీ ఫెర్గూసన్ 1949లో మొదలుపెట్టిన జిల్ కథల్లో, జిల్ తండ్రి లేని పిల్ల. తల్లి పిల్లల కథలు రాసి సంసారం ఈదుతుంది. ఆ కథలంటే కూతురికి ఏమాత్రం గౌరవం లేదు. (ఇది చదివి నేను ఎంత నవ్వుకున్నానో! మా ఇంట్లోనూ అదే పరిస్థితి.) ఈ కథల్లో పోనీ ఊరికే రాదు. దాణాకి లెక్క చూసుకోవాలి, జీనుకి డబ్బు కూడబెట్టాలి, తెల్లారకుండా లేచి పేడ ఎత్తాలి. పన్నెండేళ్ళ పిల్ల ఒక ప్రాణికి పూర్తి బాధ్యత తీసుకుంటుంది. మన కథల్లో ఆ వయసు పిల్లకి మనం ఇచ్చే బాధ్యత ఏమిటి? తమ్ముణ్ణి ఎత్తుకోవడం.

'నేషనల్ వెల్వెట్' తీసుకోండి. ఈనిడ్ బాగ్నోల్డ్ 1935లో రాసింది. వెల్వెట్ మాంసం కొట్టువాడి కూతురు. ఊళ్ళో లాటరీలో ఒక గుర్రం తగిలింది. ఇంగ్లండులోకెల్లా కష్టమైన గ్రాండ్ నేషనల్ పందెంలో దాన్ని పరిగెత్తించాలని ఆ పిల్ల పట్టుదల. డబ్బేదీ? ఆ తల్లి పడుచుతనంలో ఇంగ్లీషు చానల్ ఈదిన మనిషి. ఇప్పుడు లావెక్కి, వంటింటికి అంటుకుపోయింది. అప్పటి బహుమతి సొమ్ము ఇన్నాళ్ళూ ముట్టుకోకుండా దాచింది. అదే తీసి కూతురి చేతిలో పెట్టింది. ఆ నెల మా సమావేశంలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. పోపులడబ్బాలో దాచిన డబ్బుతో చదువుకున్న కూతుళ్ళం కదా, మాలో సగంమందిమి.

వెల్వెట్ మగపిల్లాడి వేషంలో పందెం పరిగెత్తింది, మొదట వచ్చింది. ఆడపిల్ల అని బయటపడేసరికి ఆ గెలుపు చెల్లలేదు. కథే కదా అంటారా? నిజం చూడండి. ఆ పందెంలో మొదటిసారి ఒక స్త్రీ, షార్లెట్ బ్రూ, గుర్రమెక్కింది 1977లో. గెలిచింది 2021లో, రేచెల్ బ్లాక్‌మోర్ అనే ఐరిష్ అమ్మాయి. పుస్తకం వచ్చిన 86 ఏళ్ళకి! లోకం ఊహించడానికి ఇష్టపడని విషయాన్ని ముందుగా ఊహించి పెట్టింది 'ఆడపిల్లల పుస్తకమే'. అభ్యుదయం అంటే ఇంకెలా ఉంటుంది నాయనా?

ఇంకొక్క మాట. 'జీన్' రాసిన కానన్‌కి ముగ్గురు కూతుళ్ళు, పుల్లైన్ థాంప్సన్ సోదరీమణులు. ముగ్గురూ కలిసి వందకి పైగా పుస్తకాలు రాశారు. వాళ్ళలో పెద్దది జోసెఫీన్ 1976 నుంచి 1993 దాకా ఇంగ్లీషు పెన్ సంస్థకి ప్రధాన కార్యదర్శి. రచయితల స్వేచ్ఛ కోసం నిలబడే సంస్థ అది. పోనీల పుస్తకాలు రాసినామె చేతుల్లో పదిహేడేళ్ళపాటు సజావుగానే నడిచింది.

మూడో అభియోగం: "లెక్కపెట్టి చదవడమేమిటి? సాహిత్యం మొక్కుబడా?" ఇది సాక్షాత్తు ఒక రచయిత్రే అన్నారు. అమ్మా, మీకు చదువుకునే గది వేరే ఉంది. మాకు లేదు. ఆడవాళ్ళ రోజులో చదువు ఆఖరి వరసలో నిలబడుతుంది, అక్కడికి వచ్చేసరికి కరెంటన్నా పోతుంది, కళ్ళన్నా మూతలు పడతాయి. అందుకే మన పూర్వీకులు తెలివిగా నోములు పెట్టారు. లక్షవత్తులు లెక్కపెట్టే వెలిగిస్తాం. రామకోటి లెక్కపెట్టే రాస్తాం. నూటెనిమిది ప్రదక్షిణాలు మధ్యలో ఆపమనే ధైర్యం ఏ మగవాడికీ లేదు. నోము పట్టానంటే ఇంట్లో అందరూ తప్పుకుని దారి ఇస్తారు. పుస్తకం పట్టానంటే "కాస్త కాఫీ" అంటారు. మేం చేసిందల్లా చదువుని నోము చెయ్యడం. కథ ఉంది, తోటి ముత్తయిదువలున్నారు, విధవరాలు కూడా సమానంగా కూచునే పీట ఉంది, చేతికి చేయి మారే వాయనం ఉంది. ఏడాది చివర ఉద్యాపన కూడా చేసుకుంటాం, పులిహోరతో.

ఆఖరిది: "మనకీ గుర్రాలకీ ఏం సంబంధం?" నిన్నమొన్నటిదాకా స్టేషన్ నించి ఇంటికి జట్కాలో వచ్చిన జాతి అడగవలసిన ప్రశ్నేనా ఇది! విదేశీ వర్తకులు తెచ్చే ఏనుగుల్నీ గుర్రాల్నీ మంచి ధరకి కొని, అవి శత్రువుల దగ్గరికి పోకుండా చూసుకోమని ఆముక్తమాల్యదలో రాయలవారే రాజనీతి చెప్పారు. మొదటి ప్రపంచయుద్ధంలో పశ్చిమాసియా దాకా వెళ్ళి పోరాడిన హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ ఆశ్విక దళాల గుర్తుగా ఢిల్లీలో తీన్ మూర్తి నిలబడి ఉంది. సంబంధం లేక కాదు, ఆ సంబంధంలో మనకి చోటు లేక. మన కథల్లో గుర్రమెక్కి వచ్చేది రాకుమారుడు. మనం మేడమీద కిటికీ దగ్గర నిలబడి ఎదురుచూస్తాం. రుద్రమదేవి ఒక్కతె ఎక్కింది. ఆమెని విగ్రహం చేసి కూడలిలో పెట్టాం, పిల్లల కథలోకి రానివ్వలేదు. గుర్రమెక్కి తన దారిన తాను పోయే పదేళ్ళ తెలుగు పిల్ల ఏ పుస్తకంలో ఉందో చెప్పండి, మా పందెంలో మొదట దాన్నే పెడతాం.

ఇంత గట్టిగా ఎందుకు వాదిస్తున్నానో చెప్పాలి. తొమ్మిదిమందిమి మొదలుపెట్టాం. మూడో నెలకి ఇద్దరు మానేశారు. పుస్తకం కష్టమై కాదు. ఒకరింట్లో కొడుకూ కోడలూ నవ్వారు. ఇంకొకరింట్లో ఆయన వచ్చిన చుట్టాలందరికీ "మా ఆవిడ గుర్రాల డాక్టరు పరీక్షకి కూచుంటోంది" అని చెప్పి నవ్వించాడు. ఎవరూ వద్దనలేదు, పుస్తకం లాక్కోలేదు. ఊరికే నవ్వారు. ఆడవాళ్ళ చేత పుస్తకం మూయించడానికి నిషేధాలు అక్కర్లేదు, భోజనాల దగ్గర ఒక్క నవ్వు చాలు. ఆ నవ్వే మెడకి కట్టే పగ్గం.

మాలతీ చందూర్ గారు 'పాత కెరటాలు' పేరుతో ఇంగ్లీషు నవలలన్నీ మన వంటింటి గుమ్మం దాకా తెచ్చిచ్చారు. అవి చదివి ఏం ఉపయోగం అని ఆ రోజుల్లో మన అమ్మలు ఎవర్నీ అనుమతి అడగలేదు. పత్రిక తలగడ కింద దాచుకుని చదివారు. మనం తలగడ కింద నించి తీసి టేబుల్ మీద పెడుతున్నాం, అంతే తేడా.

కాబట్టి సోదరీమణులారా, గుర్రాలే చదవమని నా పట్టు లేదు. మీకు నచ్చిన నోము మీరు పట్టండి. నలుగురిని పోగుచేసుకోండి, పన్నెండు పుస్తకాలు లెక్కపెట్టుకోండి. మధ్యలో ఎవరైనా నవ్వి, మీరు ముడుచుకుపోతుంటే, పక్కనున్నవాళ్ళు మాత్రం 'పోనీలే' అనకండి.